నూట పన్నెండో పేజీలో అడిగిన టీ

నమ్మనివాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు. నేను ఏమీ అనుకోను. సగం విన్నాక లేచి "ఊరుకోవయ్యా కోదండపాణీ" అంటే మాత్రం ఒప్పుకునేది లేదు.

పెన్నకు వరదొచ్చిన రోజు స్టాంపు కాగితాల కట్ట నెత్తిన పెట్టుకుని అవతలి ఒడ్డుకు ఈదానని చెప్పాను. తలూపారు. కలెక్టరుగారు నా చేతిరాత చూసి అచ్చు అనుకుని, వేలు తడి చేసుకుని రుద్ది చూశారని చెప్పాను. దానికీ తలూపారు. ఇప్పుడు చెప్పబోయేది ఆ రెండింటినీ కలిపి కట్టినదానికంటే పెద్దది.

ఈ గూడలి కోదండపాణి ఒకసారి, ఒక టీ చల్లారేంతసేపు, ఒక్క మాట కూడా మాట్లాడకుండా కూర్చున్నాడు.

నవ్వండి. మా ఇంటావిడ కామాక్షమ్మ కూడా ఇట్లాగే నవ్వింది. నవ్వి నవ్వి, చేతిలో చిక్కుడుకాయల చేట పక్కన పెట్టి, "ఎవరు చూశారు?" అని అడిగింది. చూసినవాడి పేరు కూడా చెబుతాను. ఆఖర్న చెబుతాను.

నేను దస్తావేజు లేఖరిని. రిజిస్ట్రారు ఆఫీసుకు ఎదురుగా రేకుల షెడ్డు, దాని కింద వరసగా బల్లలు. అందులో ఒక బల్ల వెనక ముప్ఫై ఎనిమిదేళ్ళు కూర్చున్నాను. అమ్మకం, తాకట్టు, భాగపంపకం, వీలునామా. మా తాలూకాలో అన్నదమ్ములు దేనికి తల పగలగొట్టుకున్నా, కట్టు కట్టించుకుని చివరికి నా బల్ల దగ్గరికే వచ్చేవాళ్ళు.

దస్తావేజులో ఒక పద్ధతి ఉంది. రాసేటప్పుడు తప్పు దొర్లితే కొట్టేయచ్చు. కానీ దాచిపెట్టకూడదు. ఫలానా పేజీలో, ఫలానా పంక్తిలో ఒక కొట్టివేత అని ఆఖరున రాసి, ఒప్పుకుని సంతకం పెట్టాలి. నా దస్తావేజుల ఆఖరున ముప్ఫై ఎనిమిదేళ్ళూ ఒకటే వాక్యం ఉండేది. "ఇందు కొట్టివేతలు లేవు."

అదొక ఘనత. దాన్ని మించింది ఇంకొకటి ఉంది. రేపటి నుంచి భూముల విలువలు పెరుగుతాయని ప్రభుత్వం చెప్పిన రోజు, మా షెడ్డు ముందు తిరనాళ్ళలాగా జనం. పొద్దున ఆరింటికి కలం పట్టాను, సాయంత్రం అయిదింటికి దించాను. నలభై ఒక్క దస్తావేజులు. ఒక్క రోజు. ఒక్క చెయ్యి. జిల్లాలో ఇప్పటిదాకా ఎవడూ ఆ లెక్క దరిదాపులకు రాలేదు. పద్దెనిమిదేళ్ళుగా ఈ సంగతి పెళ్ళి పందిళ్ళలో చెప్పాను, కర్మంతరాల్లో చెప్పాను, బస్సులో పక్క సీటువాడు నిద్రపోతున్నా చెప్పాను.

ఆ నలభై ఒక్కటికీ రెండో సాక్షిగా సంతకం పెట్టింది మాలకొండయ్య. నా పక్క బల్లవాడు. వాడు రాసినవాటికి నేను సాక్షి, నేను రాసినవాటికి వాడు సాక్షి. ఎండైనా వానైనా చంకలో గొడుగు ఉండాల్సిందే. గొడుగు పిడి విరిగితే కొత్తది కొనలేదు, రాగితీగ చుట్టించుకున్నాడు. పోయి పద్దెనిమిదేళ్ళయింది. వాడి సంగతి ఇప్పుడెందుకులెండి.

కంప్యూటర్లు వచ్చాక చేతిరాతకు పని తగ్గింది. అరవై నాలుగో ఏట లైసెన్సు వెనక్కిచ్చేసి ఇంట్లో కూర్చున్నాను. మూడో రోజున కామాక్షమ్మ, "మీరు ఏదన్నా రాసుకోకూడదా? నా వంటింట్లోకొచ్చి ఏ డబ్బా ఎక్కడుండాలో హద్దులు చెప్పకపోతే," అంది.

ఆ మాటకు నవల మొదలుపెట్టాను.

నవలకు ఒక గురువు కావాలనిపించింది. దర్గా వీధిలో దస్తగిరి సామి ఉన్నారు. ఎనభై ఆరేళ్ళు. పుస్తకాలు కుట్టి అట్టలు వెయ్యడం ఆయన పని. ఖురాన్లకూ ఆయనే వేస్తారు, రిజిస్ట్రారు ఆఫీసు పాత పుస్తకాలకూ ఆయనే వేస్తారు, భజన మందిరం పాటల పుస్తకాలకూ ఆయనే. మనసు బాగాలేనివాళ్ళు వచ్చి ఆయన గుమ్మంలో కూర్చుంటారు. సామి తాయెత్తు కట్టరు, ఊదరు, ఏమీ అడగరు. కాగితాలు ముందు పెట్టి మడవమంటారు. మడిచి మడిచి, ఎప్పటికో వాళ్ళే లేచి, చేతులు దులుపుకుని వెళ్ళిపోతారు.

ఆయన ఒక్క కథ కూడా రాసినవారు కాదు. అయినా డెబ్భై ఏళ్ళుగా పుస్తకాల వెన్ను నిమిరిన చెయ్యి. నాబోటివాడికి ఆ మాత్రం గురువు ఉండాలి అనుకున్నాను.

మొదటి అధ్యాయం పట్టుకెళ్ళాను. నిలబడి, గొంతు సవరించుకుని చదివాను.

"కీర్తిశేషులు సుబ్బరామయ్య కుమారుడు, సుమారు ఇరవై నాలుగు సంవత్సరముల వయస్సు గల రఘుపతి, తూర్పు రామిరెడ్డిగారి దొడ్డి గోడ, దక్షిణం వెంకమ్మగారి పశువుల కొట్టం, పడమర పంట కాలువ, ఉత్తరం నిమ్మతోట కంచె, ఈ మధ్యన గల పెంకుటింటిలో కూర్చుని తన ప్రియురాలి కొరకు ఎదురుచూచుచుండెను."

చదివి, మెచ్చుకుంటారేమోనని ఆగాను.

సామి సూది పక్కన పెట్టి లేచారు. గోడ తడుముకుంటూ గది నాలుగు పక్కలా నెమ్మదిగా తిరిగారు.

"ఏం వెతుకుతున్నారు సామీ?"

"తలుపు," అన్నారు. "నాలుగు పక్కలా కట్టేశావు నాయనా. ఆ పిల్ల లోపలికెట్లా వస్తుంది?"

ఇంటికెళ్ళి నిమ్మతోట కంచె కొట్టేశాను. ఉత్తరం వైపు దారి పెట్టాను. ఆ పిల్ల వచ్చింది. ఆమె వెనకాలే అందరూ వచ్చారు. నవలకు ఆ పేరే పెట్టాను, "ఉత్తరం వైపు దారి" అని.

ఆ మిగతా నవలంతా పంతొమ్మిది రోజుల్లో రాసేశాను. లోపల మా ఆవిడ వింటోంది కాబట్టి మూడేళ్ళు అని రాసుకోండి.

పబ్లిషర్లకు పంపలేదు. నా రాత బాగుందో లేదో చెప్పడానికి వాళ్ళెవరు? సరే, ఇద్దరికి పంపాను. బాగుందని అన్లేదు, బాగాలేదని అన్లేదు, అందిందని కూడా అన్లేదు. అందుకని నా పుస్తకం నేనే వేసుకుందామనుకున్నాను. ప్రెస్సాయన, "ప్రూఫులు ఎవరు చూస్తారండీ?" అని అడిగాడు.

"ముప్ఫై ఎనిమిదేళ్ళు కొట్టివేత ఎరగని చెయ్యయ్యా ఇది. ప్రూఫులేంటి? నేరుగా అచ్చెయ్యి," అన్నాను.

వేశాడు. మూడు వందల కాపీలు. జిగురుతో అంటించే పుస్తకం వద్దు, దారంతో కుట్టిన పుస్తకం కావాలని అచ్చు కాగితాలు సామి దగ్గరికే తోలించాను. పదిహేను రోజులు ఆయన గదిలో కూర్చుని మడిచాను. ఆయన కుట్టారు.

ఒక రోజు మడుస్తూ మడుస్తూ అడిగాను. "సామీ, నా పుస్తకం ఎన్నాళ్ళు నిలుస్తుందంటారు?"

ఆయన దారం ముడి బిగించి, పంటితో తుంచి, "కుట్టు నిలిచినన్నాళ్ళు," అన్నారు.

ఆదివారం పొద్దున పదింటికి గ్రంథాలయంలో ఆవిష్కరణ. ముఖ్య అతిథి సుందరరామిరెడ్డిగారు, రిటైరైన హెడ్మాస్టరు. పెళ్ళి శుభలేఖ చేతికిచ్చినా జేబులోంచి ఎర్ర పెన్సిలు తీసి తప్పులు దిద్ది తిరిగిచ్చే మనిషి. ఆహ్వాన పత్రికలు ఊరంతా నేనే పంచాను. పేరు కింద ఒక వాక్యం కూడా నేనే వేయించాను. "ఒక్క కొట్టివేత ఎరగని కలం నుండి తొలి నవల" అని.

సామి ముందుగా ఒక్క పుస్తకానికి అట్ట వేసి ఇచ్చారు, సభలో ఏ పేజీ చదవాలో చూసుకోమని. గురువారం పొద్దున అది పట్టుకుని వరండాలో పచార్లు చేస్తూ చదువుతున్నాను. కామాక్షమ్మ గడప మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"వెంగయ్య లోపలికి వచ్చి గొడుగు బల్లకు ఆనించాడు," అని చదివాను.

ఆమె చెయ్యి ఆగింది. "ఎవరొచ్చారూ?"

"వెంగయ్య. రఘుపతి స్నేహితుడు."

"ఆయన పోయాడుగా."

"ఎక్కడికి?"

"పైకండీ. మొన్న మీరే చదివి వినిపించారు. ఆయన పాడె లేచేటప్పుడు నేను కళ్ళు తుడుచుకున్నాను. మీరేమో నీళ్ళు తాగొస్తానని లోపలికెళ్ళి ఎంతకూ రాలేదు."

వెనక్కి తిప్పాను. అరవై ఒకటో పేజీ. వెంగయ్య పోయాడు. అనుమానం లేకుండా పోయాడు. పన్నెండు పంక్తుల పొడుగునా పోయాడు. ముందుకు తిప్పాను. నూట పన్నెండో పేజీ. గొడుగు పట్టుకుని నిక్షేపంగా వచ్చాడు.

రెండు పేజీల్లోనూ చెరో వేలు పెట్టి ఆమెకు చూపించాను.

"దయ్యమని చెప్పండి," అంది కామాక్షమ్మ.

"ఇది సాంఘిక నవల!"

"అయితే ఆయన తమ్ముడని చెప్పండి."

"అరవై ఒకటో పేజీలో వాడికి తమ్ముళ్ళు లేరని రాశాను. తలకొరివి ఎవరు పెట్టాలనే అక్కడ గొడవంతా."

"ఏం రాశారో ఏమో," అని ఆమె మళ్ళీ చిక్కుడుకాయ అందుకుంది. "అయినా పోయినాయన కదా, వస్తే రానివ్వండి. ఏం అడుగుతాడు పాపం."

ఆమెకేం తెలుసు? ఆదివారం వేదిక మీద హెడ్మాస్టరుగారు ఎర్ర పెన్సిలు పైకెత్తి, "కోదండపాణిగారూ, చచ్చినవాడు ఎట్లా వచ్చాడండీ?" అంటారు. నేను ఎవరెవరి దస్తావేజుల్లో తప్పులు పట్టి నలుగురిలో నవ్వానో వాళ్ళందరూ మొదటి వరసలోనే కూర్చుంటారు. నాకు ఉన్నది ఆ ఒక్క పేరు. ఇల్లు మా మామగారిచ్చింది, పొలం మా అన్నదమ్ములకు పోయింది, కొట్టివేత లేని చెయ్యన్న పేరొక్కటే నేను సంపాదించుకున్నది. అది పోతే నేను వట్టి వాగుడుకాయను.

చెప్పులు వేసుకోకుండా దర్గా వీధికి వెళ్ళాను. పరుగెత్తానని చెబుదును గానీ, మోకాళ్ళు నొప్పి. నడిచే వెళ్ళాను.

సామి గదిలో మిగతా పుస్తకాలన్నీ కుట్టు పూర్తయి, అట్టల కోసం గోడ వారగా పేర్చి ఉన్నాయి. పొయ్యి మీద మైదా జిగురు ఉడుకుతోంది. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపే వాసన.

"సామీ, ఒక ఆకు కోసెయ్యాలి," అన్నాను. "అన్నిట్లోనూ. నూట పన్నెండో పేజీ. కోసి, ఆ మొదలుకు కొత్త ఆకు అతికిద్దాం. రాసుకొచ్చాను కూడా. వెంగయ్య బదులు పాలవాడు వస్తాడు. ఆదివారానికి అయిపోవాలి. ఎవరికీ తెలియకూడదు."

"కోద్దాం," అన్నారు సామి. "దానికేముంది."

బల్ల సొరుగులోంచి కత్తి తీశారు. రాయి మీద రెండుసార్లు నూరి, పిడి నావైపు తిప్పి నా చేతికిచ్చారు.

"నేనా?"

"రాసింది నువ్వే కదా. ముందు ఒకసారి చదువు. ఏం కోస్తున్నామో నాకూ తెలియాలి."

చదివాను. నిలబడి కాదు. గొంతు సవరించుకోకుండానే చదివాను.

"వెంగయ్య లోపలికి వచ్చి గొడుగు బల్లకు ఆనించాడు. దాని పిడికి చుట్టిన రాగితీగ ఎండకు మెరిసింది. 'ఒరే, ఒక టీ పోయించరా, నోరెండిపోయింది,' అన్నాడు. రఘుపతి కాగితం మీద నుంచి తల ఎత్తలేదు. 'రేపు పోయిస్తాలేరా,' అన్నాడు. వెంగయ్య నవ్వాడు. గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు."

అంతే. ఆ పేజీలో వాడికి అంతకంటే పని లేదు. కథకు వాడితో అవసరమే లేదు. ఎందుకొచ్చాడో నాకే తెలియదు.

సామి లేచారు. జిగురు గిన్నె దించి, పొయ్యి మీద చిన్న గిన్నెతో నీళ్ళు పెట్టారు. టీ పొడి వేశారు. ఆయన టీలో పాలుండవు. పాత కాగితం చిరిగితే దానికి అతికే కొత్త ముక్క తెల్లగా కనిపించకుండా ఆ డికాషన్లోనే ముంచి ఆరబెడతారు. కాగితానికీ అదే, మనిషికీ అదే.

"చక్కెర ఎన్ని చెంచాలు?" అని అడిగారు, వెనక్కి తిరక్కుండా.

"నాకు ఒకటి చాలు సామీ."

"నీది నాకు తెలుసు."

"మూడు," అన్నాను. ఎవరికని అడుగుతున్నారో ఆలోచించకముందే నా నోట్లోంచి వచ్చేసింది.

మూడు గ్లాసులు కడిగి బల్ల మీద పెట్టారు. ఒకటి నా ముందు, ఒకటి తన ముందు, మూడోది ఎవరూ లేని పక్క. ఆ పక్కన ఉన్న పీటను కొంచెం వెనక్కి జరిపారు, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి వీలుగా.

"అదెవరికి సామీ?"

"రేపన్నావుగా," అన్నారు.

అప్పుడు నోరు మెదపకుండా కూర్చున్నాను. అప్పుడే. నమ్మనివాళ్ళను లేచి వెళ్ళమన్నది దీని గురించే.

మాట్లాడకుండా ఉన్నప్పుడు మనిషి ఏం చేస్తాడో నాకు అంతకు ముందు తెలియదు. మూడో గ్లాసు మీద ఆవిరి చూస్తూ కూర్చున్నాను.

ఆ నలభై ఒక్క దస్తావేజుల రోజు, సాయంత్రం అయిదుంపావు. ఆఫీసు తలుపులు మూస్తున్నారు. నా బల్ల చుట్టూ జనం. నలభై ఒకటి, నలభై ఒకటి అని నేను అరిచి చెబుతున్నాను. మాలకొండయ్య వచ్చి గొడుగు బల్లకు ఆనించాడు. "ఒరే కోదండం, ఒక టీ పోయించరా, నోరెండిపోయింది," అన్నాడు. చుట్టూ అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు. నేను తల కూడా తిప్పలేదు. "రేపు పోయిస్తాలేరా," అన్నాను.

తెల్లవారేసరికి వాడి గుండె ఆగిపోయింది.

ఇంకొకటి కూడా ఉంది. మధ్యాహ్నం పన్నెండింటికే నా వేళ్ళు కొంకర్లు పోయాయి. కలం జారి కింద పడింది. మాలకొండయ్య తన గిరాకీని రేపు రమ్మని పంపించేసి, నా కాగితాలు కొన్ని తన బల్ల మీదికి లాక్కున్నాడు. నా అక్షరంలాగే గుండ్రంగా రాశాడు. అట్లా పంతొమ్మిది రాశాడు. కింద రాసినవాడి సంతకం నాది. సాక్షి సంతకం వాడిది. నలభై ఒకటి నేనే రాశానని నేను అరుస్తుంటే, పక్కనే నిలబడి విన్నాడు. ఒక్క మాట అనలేదు. టీ అడిగాడు, అంతే.

ఇదంతా సామికి చెప్పానా అంటే, చెప్పలేదు. మీకు చెబుతున్నాను. అప్పుడు గ్లాసు మీద ఆవిరి సన్నబడడం చూశాను. ఆగిపోవడం చూశాను. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. సామి తన టీ తాగారు. నాది నేను ఎప్పుడు తాగానో తెలియదు, గ్లాసు ఖాళీగా ఉంది.

ఇక్కడ మూడో గ్లాసు దానంతటది ఖాళీ అయిందని చెబుతానని కాచుకుని ఉన్నారు, నాకు తెలుసు. ఇంకో రోజైతే చెప్పేవాణ్ణే. కాలేదు. అంచుదాకా నిండుగానే ఉంది. చల్లారింది.

నా చేతిలో కత్తి ఇంకా ఉందని అప్పుడు చూసుకున్నాను. బల్ల మీద పెట్టాను.

"సామీ," అన్నాను, "నలభై ఒకటిలో పంతొమ్మిది మాలకొండయ్యవి."

"ఊఁ," అన్నారు సామి, పొద్దున ఏం కూర వండారో చెప్పినప్పుడు అన్నట్టు.

ఆయన లేచి, మూడో గ్లాసు రెండు చేతులా పట్టుకుని, పొయ్యి దగ్గరికెళ్ళి, మొత్తం జిగురు గిన్నెలో పోసేశారు. కర్రతో అడుగంటా కలిపారు. తెల్లటి జిగురు గోధుమ రంగుకు తిరిగింది. కుంచె ముంచి, గిన్నె అంచుకు వత్తి, నా చేతికిచ్చారు.

"కానియ్యి," అన్నారు.

గోడ వార నుంచి మొదటి పుస్తకం తీశాను. నూట పన్నెండో పేజీ ఉన్నది ఉన్నట్టే ఉంది. దాని వెన్నుకు జిగురు రాశాను. రెండోది తీశాను. మధ్యాహ్నానికి కామాక్షమ్మ అన్నం కారేజీ పట్టుకుని వచ్చింది. నా మొహం చూసి కొంగు నడుముకు చుట్టి అట్టలు అందించడానికి కూర్చుంది. జిగురు తగ్గినప్పుడల్లా సామి కొత్తది ఉడకేసి పాతదాన్లో కలిపేవారు. అట్లా రెండు వందల తొంభై తొమ్మిదికీ ఆ టీ సరిపోయింది. శనివారం సాయంత్రానికి అన్నిటికీ అట్టలు పడ్డాయి. నా వీపు విరిగిపోయింది గానీ, ముప్ఫై ఎనిమిదేళ్ళుగా గుండెల మీద ఉన్న బల్లను ఎవరో ఎత్తి పక్కన పెట్టినంత తేలిగ్గా ఉంది. ముప్ఫై ఎనిమిది అనేశాను. పద్దెనిమిది.

ఆదివారం గ్రంథాలయం నిండిపోయింది. వెయ్యి మంది. సరే, అరవై. ముందు రోజే పుస్తకం చదివేసిన హెడ్మాస్టరుగారు లేచి, అనుకున్నట్టే ఎర్ర పెన్సిలు పైకెత్తారు.

"కథనం బాగుంది. భాష బాగుంది. ఒక్క సందేహం. అరవై ఒకటో పేజీలో పోయిన వెంగయ్య నూట పన్నెండో పేజీలోకి ఎందుకొచ్చాడు, కోదండపాణిగారూ?"

మొదటి వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నేను మైకు దగ్గరికెళ్ళాను. గంట మాట్లాడేంత సరుకు ఉంది నా దగ్గర.

"టీకి వచ్చాడు సార్," అన్నాను.

నవ్వారు. అందరూ నవ్వారు. వెనక వరసలో మా రేకుల షెడ్డు పాతవాళ్ళు నలుగురున్నారు, మాలకొండయ్య టీ అడిగిన సాయంత్రం నా బల్ల చుట్టూ ఉన్నవాళ్ళే. వాళ్ళు మాత్రం నవ్వలేదు. ఒకాయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. హెడ్మాస్టరుగారు వాళ్ళ వైపు చూశారు, నా వైపు చూశారు. పెన్సిలు జేబులో పెట్టుకుని కూర్చున్నారు. ఆ ప్రశ్న మళ్ళీ ఎవరూ వెయ్యలేదు.

ఆ సాయంత్రం మా ఇంటి ముందు కూర్చుని, పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి, అడిగినవాళ్ళకు "ఆ రోజు నేను రాసింది ఇరవై రెండు" అని చెప్పాను. ఇరవై రెండు కూడా తక్కువేం కాదండీ. జిల్లాలో ఎవడన్నా రాశాడేమో కనుక్కోండి.

ఇప్పుడు రుజువు. నా పుస్తకం మీ దగ్గరుంటే అట్ట తెరిచి లోపలి అంచు చూడండి. గోధుమ రంగు చార ఉంటుంది. వానాకాలం ముక్కు దగ్గర పెట్టుకుంటే టీ వాసన వస్తుంది. అది చాలదంటారా? నేను నోరు మూసుకుని కూర్చున్నానంటే ఇంకా నమ్మరా? దర్గా వీధికెళ్ళి సామిని అడగండి. ఏమీ చెప్పరు. మడవమని కాగితాలిస్తారు.

ఆయన కాకుండా రెండో సాక్షి ఉన్నాడు. కాబట్టి పద్ధతి ప్రకారం ముగిస్తున్నాను.

ఇందు కొట్టివేత ఒకటి. మొదట "నలభై ఒక్క" అని చెప్పినది కొట్టివేసి "ఇరవై రెండు" అని చదువుకొనవలెను.

వ్రాసినది: గూడలి కోదండపాణి.

సాక్షి: మైపాటి మాలకొండయ్య.